వ్యాజ్యమా? నేరమా?

మూలవాక్యములు: అపొస్తలుల కార్యములు 18:12-17, 1 రాజులు 21:1-16, 1 కొరింథీయులకు 6:1-8

అకయ దేశమునకు గల్లియోను అధిపతిగా నున్న దినములలో కొరింథు పట్టణపు యూదులు ఏకమై పౌలును పట్టుకొని న్యాయపీఠము నెదుటికి తెచ్చిరి. డెల్ఫీ పట్టణమున దొరికిన క్లౌదియ చక్రవర్తి శాసనములో ఈ గల్లియోను పేరు కనబడుచున్నది. దానినిబట్టి ఈ విచారణ క్రీ.శ. 51, 52 సంవత్సరముల ప్రాంతమున జరిగినదని పండితులు నిర్ణయించియున్నారు. పౌలు నేర్పు ఆరాధన ధర్మశాస్త్రమునకు విరుద్ధమైనదని వారు మోపిన అభియోగము. పౌలు బదులు చెప్పుటకు నోరు తెరవబోవుచుండగా అధిపతియే ముందుగా మాటలాడెను. ఆయన మాటల సారాంశ మిది: ఇక్కడ అన్యాయముగాని దుష్కార్యముగాని జరిగియుండిన యెడల నేను ఓపికతో వినియుందును, ఇది మాటలను, పేళ్లను, మీ ధర్మశాస్త్రమును గూర్చిన వివాదము గనుక దానిని మీరే చూచుకొనవలెను.

లూకా ఇచ్చట వాడిన గ్రీకు మాటలు గమనింపదగినవి. ఒకనికి చేయబడిన అన్యాయమునకు 'అదికేమ' అనియు, కపటబుద్ధితో చేసిన దుష్కార్యమునకు 'రదియూర్గేమ' అనియు ఆయన వ్రాసెను. మూడవదియైన 'జేతేమత' అను మాటకు తెగని ప్రశ్నలు, వివాదములు అని అర్థము. మొదటి రెండును ఒక గదిలోనివి. మూడవది వేరొక గదిలోనిది. ఫిర్యాదు చేసినవారు మూడవ గదిలోని దానిని మొదటి గదిలోనికి మోసికొని వచ్చిరి. గల్లియోను దానిని గుర్తుపట్టి తిప్పిపంపెను.

ప్రియ చదువరీ, పందొమ్మిది వందల సంవత్సరములకు పైగా గడచినను ఈ మోత ఆగలేదు. మన తెలుగు ఊళ్లలో ఇద్దరికి డబ్బు విషయములో మాట పట్టింపు వచ్చినయెడల మొదట వినవచ్చు మాట "కేసు పెట్టెదను" అనునదే. బాకీ తీర్చనివానిని 'ఫోర్ ట్వంటీ' అని పిలుచుట మన వాడుక. 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతిలో మోసమునకు శిక్ష విధించు 420వ సెక్షను సంఖ్య మన నోళ్లలో తిట్టుగా మారిపోయినది. 2024 జూలై 1 నుండి ఆ శిక్షాస్మృతికి బదులుగా భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చి, ఆ సెక్షను విషయము 318వ సెక్షనులోని నాలుగవ ఉపసెక్షనుగా మారినది. సంఖ్య మారినను మన నాలుక మారలేదు. అప్పు తీర్చలేనివాడును మోసగాడును మన దృష్టికి ఒక్కడే.

నేను వ్రాసిన ఫిర్యాదు

ఈ సంగతి నేను పుస్తకములలో నేర్చుకొనకముందు నా తప్పిదము వలన నేర్చుకొంటిని. సుమారు పదునైదు సంవత్సరముల క్రిందటి మాట. మా సంఘములో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయు డొకరు, తనకు వచ్చిన సొమ్ములో మూడు లక్షల రూపాయలు అదే సంఘ సభ్యుడైన ఒక యువకునికి అప్పుగా ఇచ్చెను. ఆ యువకుడు చిన్న అచ్చుకూటము నడుపుచుండెను. మా ఆరాధన క్రమములు, వివాహ శుభలేఖలు అక్కడనే అచ్చయ్యెడివి. అతడు పదునాలుగు నెలలు తప్పక వడ్డీ కట్టెను. తరువాత పని తగ్గిపోయి, అచ్చుకూటము మూతబడి, వడ్డీయు నిలిచిపోయెను.

మాస్టారు ఒక సాయంకాలము మా యింటికి వచ్చిరి. "అయ్యగారూ, సివిల్ దావా వేసినయెడల ఏండ్లు పట్టునట. స్టేషనులో ఫిర్యాదు ఇచ్చినయెడల వారము దినములలో డబ్బు వచ్చునని చెప్పుచున్నారు. మీరు చక్కగా వ్రాయుదురు, వ్రాసి పెట్టుడి" అనిరి. ఆయనకు సలహా చెప్పినవారు ఒక వాక్యము తప్పక ఉండవలెనని కూడ చెప్పి పంపిరి. అప్పు తీసికొనిన దినముననే ఎగవేయవలెనను దురుద్దేశ మతనికి ఉండెననునదే ఆ వాక్యము. అది లేనిదే పోలీసులు తీసికొనరట.

నేను వ్రాసితిని. ఆ వాక్యమును ఒకటికి రెండుమారులు దిద్ది, అందముగా వ్రాసితిని. పదునాలుగు నెలల వడ్డీ మాట మాత్రము వ్రాయలేదు. మాస్టారు చెప్పకపోలేదు, నేను మరువను లేదు. ఆ మాట వ్రాసిన యెడల ముందటి వాక్యము నిలువదని నాకు తెలిసియే విడిచిపెట్టితిని.

ఆ యువకుని మూడు దినములు స్టేషనునకు పిలిపించి, ఉదయమునుండి సాయంకాలము వరకు బల్లమీద కూర్చుండబెట్టిరి. అతని భార్య చేతి గాజులు కుదువపెట్టి అరువదివేలు తెచ్చి ఇచ్చెను. మూడవ దినమున సబ్ ఇన్‌స్పెక్టరుగారు అసలు ప్రామిసరీ నోటు తెప్పించుకొని, ముందు వైపు చదివి, వెనుకకు త్రిప్పిరి. అక్కడ పదునాలుగు చెల్లులు, ప్రతి చెల్లు క్రిందను ఆ యువకుని సంతకము ఉండెను. ఆయన మాస్టారి వైపు, ఆయనకు తోడుగా వెళ్లిన నా వైపు చూచి, "ఇన్ని చెల్లులు కట్టినవాడు మొదటి రోజే మోసము తలపెట్టినాడని ఎట్లు వ్రాసితిరి? ఇది సివిల్ వ్యవహారము, కోర్టుకు వెళ్లుడి" అనెను. నేను వేదాంతశాస్త్రములో పట్టము పొందినవాడను. నా చేతివ్రాతలోని అబద్ధమును ఆ కాగితము వెనుక వైపు చూపి తెలియజెప్పినవాడు బహుశా బైబిలు ఎన్నడును తెరచియుండడు.

కొన్ని దినములకు నేను ఆ యువకుని యింటికి వెళ్లి క్షమాపణ వేడుకొంటిని. అతడు కోపపడలేదు. "మీరు వ్రాసినది స్టేషనులో చదివి వినిపించినారు అయ్యగారూ. తెలుగు చాల బాగుగా ఉన్నది" అని మాత్రము అనెను. ఆ కుటుంబము మరల మా సంఘమునకు రాలేదు. మాస్టారి బాకీ తరువాత లోక్ అదాలత్‌లో వాయిదాల పద్ధతిమీద తీరిపోయినది. నా బాకీ తీరలేదు. ఆ రెండిటికిని గల భేదమును గూర్చియే ఈ ప్రసంగము.

చట్టము చూపు భేదము

దావాకును నేరమునకును భేదమేమి? సివిల్ దావాలో ఒకడు మరియొకనిపై తన హక్కును కోరును. రావలసిన సొమ్ము, భూమి, మాట ప్రకారము జరుగవలసిన పని, నష్టపరిహారము, ఇవి అక్కడి విషయములు. నేరములో హాని ఒకనికి జరిగినను, అది సమాజమునకంతటికిని జరిగినదిగా ఎంచి ప్రభుత్వమే అభియోగము నడుపును. ఋజువు విషయములోను భేదమున్నది. దావాలో ఎవరి పక్షము ఎక్కువ నమ్మదగినదో చూతురు. నేరములో సహేతుకమైన సందేహమునకు తావు లేకుండ ఋజువు కావలెను. ఏలయనగా అక్కడ పోవునది మనుష్యుని స్వేచ్ఛ.

మోసము విషయములో గీత ఎక్కడ గీయవలెనో 2000వ సంవత్సరములో సుప్రీంకోర్టు హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో స్పష్టపరచెను. మాట తప్పుట ఒకటి, మోసగించుట మరియొకటి. మాట ఇచ్చిన ఆ ఘడియలోనే వంచించు తలంపు ఉండెనా అనునదే ప్రశ్న. తరువాత మాట నిలుపుకొనలేకపోయినంత మాత్రమున మొదటనే వంచన ఉన్నదని ఊహింపరాదు. నమ్మకద్రోహము ఇంకొక విధమైన నేరము. అందులో సొత్తు న్యాయముగానే అప్పగింపబడును. తీసికొనినవాడు తరువాత కపటముతో దానిని తనదిగా చేసికొనును. ఈ రెండును వేరని, ఒకే సంగతులమీద రెండును కలిపి మోపుట తగదని 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో ఆ న్యాయస్థానము మరల చెప్పవలసివచ్చెను.

అప్పు రాబట్టుటకు నేర విచారణను ఆయుధముగా వాడుట సరికాదని 2006లో ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్ కేసులోను ఆ న్యాయస్థానము హెచ్చరించియున్నది. ఆ తీర్పే మరియొక సంగతియు చెప్పెను: ఒకే కార్యము దావాకును నేరమునకును రెండింటికిని తావియ్యవచ్చును. కాబట్టి సివిల్ పరిహారము ఉన్నదను ఒక్క కారణముచేత నిజమైన నేరమును త్రోసివేయరాదు.

చెక్కు విషయమును వేరుగా చెప్పవలెను. ఖాతాలో సొమ్ము లేక చెక్కు తిరిగివచ్చుట 1989 ఏప్రిల్ 1 నుండి చట్టరీత్యా శిక్షార్హము. అయినను ఆ చట్టము వెంటనే చెరసాల తలుపు తెరువదు. బ్యాంకు తెలియజేసిన దినమునుండి ముప్పది దినములలో వ్రాతమూలకముగా నోటీసు ఇయ్యవలెను. నోటీసు అందినవానికి చెల్లించుటకు పదునైదు దినముల గడువు ఉన్నది. అప్పటికిని చెల్లింపనియెడల ఒక నెలలోపున మేజిస్ట్రేటు ఎదుట ఫిర్యాదు చేయవలెను. శిక్షించు చట్టము సహితము మొదట అవకాశ మిచ్చుచున్నది.

కేవలము ఇచ్చుకొనలేని దారిద్ర్యము నేరము కాదు. 1980లో జాలీ జార్జి వర్గీసు కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్‌గారు, దురుద్దేశము లేని బీద బాకీదారుని చెరసాలలో వేయుట రాజ్యాంగము 21వ అధికరణమున గల జీవన స్వేచ్ఛకు విరుద్ధమని తీర్పు వ్రాసిరి. కుదువపెట్టుకొనిన వస్త్రమును సూర్యుడస్తమింపక మునుపే బీదవానికి తిరిగి ఇయ్యవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయములో మోషే ద్వారా విధించిన దేవుడు ఆ తీర్పును విని సంతోషించియుండునని నేను నమ్ముచున్నాను.

ఈ భేదము న్యాయవాదుల సూక్ష్మబుద్ధి కల్పించినది కాదు. అదే అధ్యాయమును చదువుడి. పొరుగువాడు దాచిపెట్టుమని ఇచ్చిన సొమ్ము పోయినయెడల ఏమి చేయవలెను? దొంగ దొరికినయెడల వాడు రెండంతలు ఇయ్యవలెను. దొరకనియెడల ఇంటి యజమానుడు దేవుని యెదుట నిలిచి, తన చెయ్యి ఆ సొమ్మును ముట్టలేదని తేల్చుకొనవలెను. పోయిన సొమ్ము రెండు సందర్భములలోను ఒక్కటే. అయితే ధర్మశాస్త్రము సొమ్ముతో ఆగక చేతిని, చేతి వెనుకనున్న తలంపును విచారించుచున్నది.

నాబోతు ద్రాక్షతోట

యెజ్రెయేలులో నాబోతునకు ఒక ద్రాక్షతోట ఉండెను. అహాబు దానిని కోరెను. మొదట ఆయన కోరిన విధములో నేరమేమియు లేదు. దానికంటె మంచి తోటనైనను, తగిన క్రయమునైనను ఇచ్చెదననెను. నాబోతు అది పితరుల స్వాస్థ్యమని నిరాకరించెను. నేటి భాషలో చెప్పవలెనన్న, ఇది ఒక అమ్మకపు బేరము, కుదరలేదు, అక్కడితో ముగియవలసినది.

యెజెబెలు చేసినదేమి? బేరమును నేరముగా మార్చెను. రాజు పేరట తాకీదులు వ్రాసి, రాజముద్ర వేసి, ఉపవాసదినము చాటింపజేసి, ఇద్దరు పనికిమాలినవారిని సాక్షులుగా నిలిపి, నాబోతు దేవుని, రాజును దూషించెనని పలికించెను. గమనించుడి: ఆ అభియోగములో ద్రాక్షతోట మాటయే లేదు. కాగితము మీద నేరము, కడుపులో తోట. కావలసినదానిని దాచి, కానిదానిని వ్రాయుట అబద్ధపు ఫిర్యాదు లక్షణము.

చట్టము కోరిన విధులన్నియు జరిగినవి. ఇద్దరు సాక్షులు ఉండిరి, సభ కూడినది, పెద్దలు కూర్చుండిరి, పేరునకు విచారణ జరిగినది. అయినను అది హత్య. ఏలీయా వచ్చి అహాబును దొంగతనమునకును నరహత్యకును రెండిటికిని బాధ్యుని చేసెను. ఈ కథలో నన్ను మిక్కిలి భయపెట్టువారు యెజెబెలును సాక్షులును కారు. ఉత్తరము రాగానే మారు మాటలాడక వ్రాసినట్లే చేసిన ఆ ఊరి పెద్దలు. వారు నాబోతును ఎరిగినవారు. ఒక్కడైనను లేచి, ఇది తోట గొడవ గదా అని అనలేదు.

మన సంఘములలో భూముల తగవులు, పాఠశాల స్థలముల తగవులు, ఎన్నికల తగవులు కోర్టులకెక్కుట మనకు క్రొత్త కాదు. వాటిలో న్యాయముగా దావా వేయదగినవి ఉండవచ్చును. కాని ఎదుటి పక్షపువాని దింపుటకు దొంగసంతకము కేసును, కొట్టినాడను కేసును, కులము పేరట దూషించినాడను కేసును లేనిచోట కల్పించుట నాబోతు మీద రాయి వేయుటయే. అట్టి కల్పన, నిజముగా దూషణ పడిన బీదవాని నోటిని కూడ నొక్కివేయును. రేపు అతడు మొరపెట్టినప్పుడు ఎవరును నమ్మరు. అబద్ధ సాక్ష్యమును గూర్చి ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము చెప్పినది కఠినమైనది: తన సహోదరునికి చేయదలచిన కీడే అబద్ధ సాక్షిమీదికి రావలెను. మన దేశపు చట్టమును ఒకనికి హాని చేయుటకై తెలిసి తెలిసి మోపిన అబద్ధ నేరారోపణను నేరముగానే ఎంచుచున్నది.

తామారు మౌనము

ఇంతవరకు చదివిన కొందరు పెద్దలు సంతోషించి, అట్లయిన ఏ సంగతియు పోలీసులకు పోనియ్యక సంఘములోనే సర్దుకొందమని తలంచవచ్చును. వారు 2 సమూయేలు 13వ అధ్యాయము చదువవలెను. దావీదు కుమార్తెయైన తామారును ఆమె అన్న అమ్నోను బలాత్కరించెను. అది నేరము, ఘోరమైన నేరము. దానికి ఇంటివారు పెట్టిన పేరేమి? అబ్షాలోము, అతడు నీ అన్న గదా, ఊరకుండుమని చెప్పెను. దావీదు మిక్కిలి కోపపడెను, కాని ఏమియు చేయలేదు. నేరమును ఇంటి సంగతిగా మార్చిరి. రెండు సంవత్సరములు గడచినవి. విచారణ లేని చోట పగ పెరిగెను; అమ్నోను హతుడాయెను, అబ్షాలోము పారిపోయెను, రాజ్యమే కదలిపోయెను. తామారు మాత్రము పాడైనదై తన అన్న యింట నిలిచిపోయెను.

నాబోతు కథలో వివాదమునకు నేరమను పేరు పెట్టిరి. తామారు కథలో నేరమునకు కుటుంబ విషయమను పేరు పెట్టిరి. రెండు చోట్లను జరిగినది ఒక్కటే: బలవంతునికి అనుకూలమైన పేరు పెట్టుట.

భర్త చేత దెబ్బలు తిని వచ్చిన స్త్రీకి ప్రార్థన చేసికొని తిరిగి వెళ్లుమని చెప్పు కాపరి, కట్నము కొరకు హింసింపబడు కోడలి తండ్రికి సంఘము పరువు గుర్తుచేయు పెద్ద, వీరు సమాధానపరచువారు కారు. 2005వ సంవత్సరపు గృహహింస చట్టము అట్టి స్త్రీకి రక్షణను, నివాసపు హక్కును ఇచ్చుచున్నది. పిల్లల విషయములో చట్టము ఇంకను స్పష్టము. 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ప్రకారము, బిడ్డమీద లైంగిక నేరము జరిగినదని తెలిసినవాడు, తెలియజేయక యుండుటయే శిక్షార్హము. బడి, వసతిగృహము మొదలైన సంస్థల అధిపతులకు ఆ శిక్ష మరింత హెచ్చు. ఆదివారపు బడికిని మన వసతిగృహములకును ఇందునుండి మినహాయింపు లేదు. అట్టి సంగతిని కమిటీలో పెట్టి ఓటు తీసికొనుట, నేరస్థుని వేరొక ఊరికి బదిలీ చేయుట, బిడ్డ తలిదండ్రుల చేత రాజీపత్రము వ్రాయించుకొనుట, ఇవి క్షమాపణలు కావు.

గల్లియోను సంగతిలో ఒక చివరి వచనమున్నది. మనము దానిని తరచుగా చదువక దాటిపోవుదుము. తీర్పు అయిన వెంటనే సమాజమందిరపు అధికారియైన సొస్తెనేసును పట్టుకొని న్యాయపీఠము నెదుటనే కొట్టిరి. కొట్టినవారెవరో ప్రాచీన ప్రతులలో భేదమున్నది; కొన్నిటిలో గ్రీకులని యున్నది, కొన్నిటిలో అందరు అని మాత్రమే యున్నది. గల్లియోను మాత్రము దానిని లక్ష్యపెట్టలేదు. ఒక ఘడియ క్రితము వివాదమును నేరమునుండి అంత చక్కగా వేరుచేసిన న్యాయాధిపతి, తన కన్నుల యెదుట జరిగిన నిజమైన నేరమును చూడలేదు. జ్ఞానమున్నంత మాత్రమున న్యాయము జరుగదు. సరియైన పేరు తెలిసినవాడు దెబ్బతిన్నవానివైపు చూడవలెను కూడ.

పౌలు నిషేధించిన దేమి?

సహోదరునిమీద సహోదరుడు వ్యాజ్యమాడుటను కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయములో పౌలు గద్దించెను. ఈ మాటను చూపి నేరములను కప్పిపెట్టుట మనలో అలవాటైనది. అక్కడి పదములను చూడుడి. మొదటి వచనములో 'ప్రగ్మ' అనెను. అనగా ఒక వ్యవహారము. మూడు, నాలుగు వచనములలో 'బియోతిక' అనెను. అనగా జీవనోపాధికి, ప్రతిదిన జీవితమునకు చేరిన సంగతులు. ఏడు, ఎనిమిది వచనములలో సొత్తు అపహరింపబడుటను గూర్చిన మాట వచ్చుచున్నది. అప్పు, ఆస్తి, వాటా, బేరము, ఇట్టి వాటిని సంఘములోని జ్ఞానియైన సహోదరుని యెదుట తేల్చుకొనుడని, అవసరమైనయెడల నష్టమైనను సహించుడని ఆయన భావము.

నష్టము సహించుమనిన మాట నష్టపడినవానితో చెప్పబడినది. నష్టపరచినవానికి అది కవచము కాదు; అతనికి తరువాతి వచనమే వేరుగా ఉన్నది. మరియు తన సొమ్మును విడిచిపెట్టు హక్కు నాకు కలదు; మరియొకని బిడ్డకు జరిగిన హానిని విడిచిపెట్టు హక్కు నాకు లేదు.

ఇట్లు వ్రాసిన పౌలే, తన్ను చంపుటకు నలువదిమందికి పైగా ఒట్టుపెట్టుకొనిరని విన్నప్పుడు ఏమి చేసెను? అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయములో తన మేనల్లుని సహస్రాధిపతి యొద్దకు పంపి ఆ కుట్రను తెలియజేసెను. అది నేరమును గూర్చిన ఫిర్యాదు. ఆయన దానిని అవిశ్వాసమని ఎంచలేదు. రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయములో అధికారిని కీడు చేయువానిమీద దేవుని పరిచారకుడని పిలిచినవాడు ఆయనే. పోలీసు స్టేషను దేవుడు అనుమతించిన సాధనమే, కాని అది బాకీలు వసూలుచేయు సాధనము కాదు. 

ఫిర్యాదు వ్రాయకముందు

గనుక కలము పట్టకముందు మనలను మనమే నాలుగు ప్రశ్నలు అడుగుకొందము.

మొదటిది, ఆరంభమున అతని తలంపేమి? అతడు లేని స్థలమును చూపి అమ్మెనా, దొంగపత్రము సృష్టించెనా, ఒకే ఇంటిని ముగ్గురికి అమ్మెనా? అట్లయిన అది వంచన. లేక నిజముగా వ్యాపారము పెట్టి నష్టపోయెనా? అట్లయిన అది అప్పు.

రెండవది, నాకు కావలసిన దేమి? సొమ్ము, భూమి, వాటా కావలెననిన సివిల్ న్యాయస్థానమున్నది. సామాన్యముగా అప్పు దావాకు మూడు సంవత్సరముల కాలపరిమితి. ఆ గడువులోపల బాకీదారుడు వ్రాసి సంతకము చేసిన చెల్లు ఉన్నయెడల అక్కడనుండి గడువు మరల లెక్కింపబడును. కోపముతో స్టేషనుల చుట్టు తిరిగి ఈ గడువును పోగొట్టుకొనిన విశ్వాసులను నేనెరుగుదును. మరల జరుగకుండ ఇతరులను కాపాడుట కావలెననిన, అది నేరము కావచ్చును, ఆలస్యము చేయవలదు.

మూడవది, మధ్య మార్గమును వెదకితినా? మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చూపిన మెట్లు ముందు ఒంటరిగాను, పిమ్మట ఒకరిద్దరితోను, పిమ్మట సంఘముతోను మాటలాడుట. ఆ మీదట లోక్ అదాలత్ ఉన్నది. 1987వ సంవత్సరపు చట్టము దానికి ఆధారము. అక్కడ ఇరుపక్షముల సమ్మతితో జరిగిన పరిష్కారము సివిల్ కోర్టు డిక్రీతో సమానము. దానిమీద అప్పీలు లేదు. అదే చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి న్యాయసహాయము ఉచితము. అయితే బలాత్కారము, పిల్లలమీది నేరము మొదలైనవి ఈ మార్గమున సర్దుబాటు చేయదగినవి కావు.

నాలుగవది, కాగితము వెనుక ఏమున్నది? నేను వ్రాయక విడిచిపెట్టుచున్న సంగతి యేది? నాకు విరోధముగా నున్న సత్యమును కూడ వ్రాసి, అప్పటికిని నా ఫిర్యాదు నిలుచునా? నిలిచినయెడల నిర్భయముగా ఇయ్యవచ్చును. నిలువనియెడల ఆ కాగితమును చింపివేయుట మేలు. ఈ నాలుగవ ప్రశ్న నన్ను నేను ఆనాడు అడుగుకొనలేదు.

మనమీదను ఒక పత్రము ఉండెను. మనకు విరోధముగా వ్రాయబడిన ఆ ఋణపత్రమును క్రీస్తు సిలువకు కొట్టి తీసివేసెనని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము చెప్పుచున్నది. అందులో వ్రాసినదంతయు నిజమే. ఆయన మన నేరమునకు వేరొక పేరు పెట్టక, దానిని తానే మోసెను. అంత సత్యముతో అంత కృప పొందినవారము ఇతరుల మీద అబద్ధపు పత్రము వ్రాయుట యెట్లు? నిజమైన గాయమును లేదని చెప్పుట యెట్లు?

ప్రార్థన

నీతిగల న్యాయాధిపతివైన దేవా, మా పొరుగువానిని గూర్చి మేము వ్రాయు ప్రతి మాటను నీవు చదువుచున్నావు. మా లోభమునకు న్యాయమను పేరును, మా పిరికితనమునకు క్షమ యను పేరును పెట్టకుండ మమ్మును కాపాడుము. ఇచ్చుకొనలేనివానియెడల ఓర్పును, హింసింపబడినవారి పక్షమున నిలుచు ధైర్యమును మాకు దయచేయుము. మా మాటలచేత మందిరమునుండి దూరమైపోయిన వారిని నీవే వెదకి చేర్చుకొనుము; వారి యింటి వాకిట నిలిచి క్షమాపణ వేడు వినయమును మాకనుగ్రహించుము. మా ఋణమంతటిని తీర్చిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.